తొంభై ఒక్క మార్కుల దైన్యం

దేశం తన సైనికుల కుటుంబాలను ఎన్నటికీ మరిచిపోదు. మరిచిపోకుండా ఉండటానికి ఒక నిధి ఉంది. ఆ నిధికి ఒక కార్యాలయం ఉంది, ఆ కార్యాలయానికి ఏడు కిటికీలు ఉన్నాయి, వాటిలో మూడోది తెరిచి ఉంటుంది. (మిగతా ఆరూ గాలి కోసం పెట్టారని కొందరంటారు. అవి ఎప్పుడూ మూసే ఉంటాయి కనుక ఆ వాదన నిలవదు. హుందా కోసం పెట్టి ఉంటారు.)

నిధి పేరు సైనిక కుటుంబ ఆపన్నహస్త నిధి. పేరుకు తగ్గట్టు కార్యాలయం గోడ మీద ఒక పెద్ద చెయ్యి బొమ్మ వేయించారు. అరచెయ్యి మనవైపు తిరిగి ఉంటుంది. అది అభయమిస్తోందో ఆగమంటోందో బొమ్మ వేసినాయన తేల్చకుండానే వెళ్లిపోయాడు.

ఒక ఉదయం ఆ బొమ్మ కింది బెంచీ మీద ఒక కోడలు వచ్చి కూర్చుంది. ఆమె ఇంట్లోనే మిషను మీద బడిపిల్లల బ్యాగులు కుడుతుంది. ఇంట్లో ఆమె కాక ఇద్దరు మగవాళ్లు, ఇద్దరూ సైన్యంలో చేసినవాళ్లే. మామగారు ఇరవై ఆరేళ్లు చేసి రెండు కాళ్లతో తిరిగొచ్చారు. భర్త తొమ్మిదేళ్లు చేసి ఒక కాలితో తిరిగొచ్చాడు.

పోయిన కాలు ఎడమది, మోకాలి కింద నుంచి. సైనిక ఆసుపత్రి వాళ్లు నాలుగేళ్ల కిందట పెట్టుడు కాలు ఇచ్చారు. మంచి కాలే. అయితే ఈ నాలుగేళ్లలో మనిషి చిక్కాడు, కాలు చిక్కలేదు. మోకాలిని ఇముడ్చుకునే గిన్నె వదులైంది, వదులయ్యాక పక్కన పగులు తీసింది. లోపల పాత మేజోళ్లు కుక్కి బిగిస్తే నాలుగడుగులు వేయగలడు. ఐదో అడుగుకి కాలు తన దారిన తాను పోతుంది.

నాలుగడుగులతో ఇంట్లో సరిపెట్టుకోవచ్చు. కానీ బస్సు డిపోలో టైమ్‌కీపరు ఉద్యోగం ఒకటి ఖాళీ అయింది. వచ్చిన బస్సు ఎన్నింటికి వచ్చిందో, వెళ్లిన బస్సు ఎన్నింటికి వెళ్లిందో రాసే పని. డిపో మేనేజరు మంచివాడు. గేటు దగ్గర నుంచి చివరి బస్సు ఆగే చోటుకి వంద అడుగులు, కర్ర లేకుండా ఆ వంద అడుగులూ నడిచి చూపిస్తే ఉద్యోగం ఇస్తానన్నాడు. మూడు నెలలు ఆగుతానని, ఆపైన తన చేతిలో లేదని కూడా చెప్పాడు. కొత్త కాలు వస్తే వంద అడుగులు ఒక లెక్క కాదు. కొత్త కాలు ఇచ్చేది నిధి. అందుకే కోడలు బెంచీ మీద కూర్చుంది.

మూడో కిటికీ గుమాస్తా ఆమెను సాదరంగా చూసి, ఇప్పుడు కాగితాలతో పని లేదనీ, అంతా ఫోనులోనే అయిపోతుందనీ, ఇంటికెళ్లి నిధి వారి యాప్ తెరవమనీ చెప్పాడు. యాప్ తెరిచి నింపిన దరఖాస్తును ప్రింటు తీసి, మూడు ప్రతులు చేసి, ఇదే కిటికీకి తేవాలి.

యాప్ మర్యాదస్తురాలు. మొదటి ప్రశ్నగా సైనికుడు మరణించారా అని అడిగింది. లేదు అని నొక్కితే, కారణం తెలపమంది. కోడలు కొంచెంసేపు ఆలోచించి "అదృష్టం" అని రాసింది. తరువాత కాలు పోయిన తేదీ, సమయం, స్థలం అడిగి, సదరు కాలు భవిష్యత్తులో దొరికినట్లయితే పదిహేను రోజుల్లోగా నిధికి తెలియజేస్తామని హామీ తీసుకుంది. చివరిగా పోయిన కాలి ఫోటో పెట్టమంది. ఆమె భర్తను కుర్చీలో కూర్చోబెట్టి, వెలుతురులో, మోకాలి దగ్గర నుంచి ఫోటో తీసి పెట్టింది. చిత్రంలో కాలు కనబడటం లేదు, మళ్లీ తీయండి అంది యాప్. ఏడుసార్లు తీసింది. ఏడుసార్లూ కాలు కనబడలేదు.

"దాని తప్పేముంది, నాకూ కనబడటం లేదు," అన్నాడు భర్త.

చివరికి గుమాస్తాయే దారి చూపించాడు. ఉన్న కాలి ఫోటో పెట్టమన్నాడు. పెట్టగానే యాప్ అభినందనలు తెలిపింది. (ఆ విధంగా దరఖాస్తులో ఒక ఆరోగ్యవంతమైన కుడికాలు చేరింది. అది ఇప్పటికీ అక్కడే ఉంది.) దానికి తోడు డాక్టరు ధ్రువపత్రం జతచేయాల్సి వచ్చింది. అందులో వైకల్యం శాశ్వతమనీ, ఈ పత్రం ఆరు నెలల వరకే చెల్లుతుందనీ ఒకే సంతకం కింద రాసి ఉంది.

ఇదంతా అయ్యేసరికి నెల గడిచింది. అప్పుడు నిధి నుంచి ఉత్తరం వచ్చింది. ఫలానా తేదీన ఉదయం పదకొండు గంటలకు అవసర నిర్ధారణాధికారి వారు తమ గృహాన్ని తనిఖీ చేయడానికి విచ్చేస్తారు.

ఆ ఉత్తరాన్ని మామగారు చదవకుండా ఉండాల్సింది.

మామగారిని వీధిలో పిల్లలు పరేడ్ తాత అంటారు. ఆయన కూరగాయల సంచితో వస్తున్నా వెనక బ్యాండు వాయిస్తున్నట్టే ఉంటుంది. కొడుకు ఆసుపత్రి నుంచి వచ్చిన రోజు నుంచీ ఆయనకు ఒక నియమం ఉంది. పొద్దున్నే పెరట్లో పీట వేసుకుని కొడుకు బూట్లు రెండూ పాలిష్ చేస్తారు. ఒకదాంట్లో కాలుంటుంది, ఒకదాంట్లో ఉండదు. పాలిష్ మాత్రం రెండింటికీ సమానం. అలాంటి మనిషి "తనిఖీ" అన్న మాట చదివి, లేచి నిలబడి, చొక్కా గుండీ పెట్టుకున్నారు.

"ఎన్ని రోజులుంది?" అని అడిగారు.

"మూడు రోజులు మామయ్యా."

"చాలు," అన్నారు.

ఇక్కడ లోకానికి తెలియని సంగతి ఒకటి చెప్పాలి. మామూలు ఇళ్లలో అధికారి వస్తున్నాడంటే ఉన్న సామాను అటక మీద దాస్తారు. సైన్యంలో చేసిన వాళ్ల ఇళ్లలో అధికారి వస్తున్నాడంటే ఇల్లు కడుగుతారు. అది వాళ్ల వశంలో ఉండదు. మామగారు మొదటిరోజు గోడలకు సున్నం కొట్టారు. రెండోరోజు గేటు నుంచి గుమ్మం దాకా రెండువైపులా రాళ్లు పేర్చి, ఒకటి తెలుపు, ఒకటి ఎరుపు రంగు వేశారు. సున్నం బకెట్టులో ఆయన చత్వారం అద్దాలు పడి ఒక అద్దం పగిలింది. ఆ ఖర్చు తరువాత చూద్దాంలే అని ఆ రోజు నుంచి దగ్గరి వస్తువులను చేత్తో తడిమి చూడటం మొదలుపెట్టారు. మూడోరోజు దుప్పట్లను ఇటుకల్లా మడిచి, గిన్నెలను ఎత్తు ప్రకారం నిలబెట్టి, గిన్నెల అడుగులు కూడా తోమించారు.

"నాన్నా, వాళ్లు వచ్చేది మన ఇబ్బంది చూడ్డానికి," అన్నాడు కొడుకు.

"చూడనీ. శుభ్రంగా చూపిద్దాం."

కోడలైనా ఆపి ఉండొచ్చు. ఆపలేదు. నిజం చెప్పాలంటే, బయటివాళ్లు వస్తుంటే ఇల్లు కాస్త కళగా ఉండటం ఆమెకూ ఇష్టమే. మిషను మీద గుడ్డ కప్పి, ఆ గుడ్డకు ఇస్త్రీ కూడా చేసింది.

తనిఖీ రోజు పొద్దున మామగారు ఆఖరి పని ఒకటి చేశారు. అది ఎవరూ చూడలేదు. పెట్టుడు కాలిని ఒళ్లో పెట్టుకుని తడుముతుంటే గిన్నె పక్కన పగులు వేలికి తగిలింది. అధికారి ముందుకు అలాంటి వస్తువు పోవడమా అని, కొవ్వొత్తి కరిగించి పగులు పూడ్చి, పైన గోధుమరంగు పాలిష్ పట్టించి, గుడ్డతో రుద్దారు. కాలు ఆసుపత్రిలో ఇచ్చిన రోజున కూడా అంత మెరవలేదు.

అవసర నిర్ధారణాధికారి పదకొండుకు రావలసినవాడు పదకొండుకే వచ్చాడు. సన్నగా, నీరసంగా, చంకలో ఫైలుతో ఉన్నాడు. చెడ్డవాడు కాదు. ఆయన చేతిలో "దైన్య సూచీ పత్రం" అనే ఫారం ఉంటుంది. వంద మార్కులకు. సాలెగూళ్లకు పది, సొట్టపోయిన గిన్నెలకు ఎనిమిది, గోడల చెమ్మకు పన్నెండు, ఇల్లాలి ముఖంలోని దిగులుకు ఆరు. నిట్టూర్పులకు ఐదు మార్కులు (కనీసం మూడు విడవాలి, అధికారి రాకముందు విడిచినవి లెక్కలోకి రావు). ఎంత ఎక్కువ మార్కులు వస్తే అంత అవసరం ఉన్నట్టు.

ఆయన గేటు తీసి, ఎరుపు తెలుపు రాళ్ల మధ్య నడిచి, గుమ్మంలో ఆగి తన చెప్పులు తానే విప్పుకున్నాడు. పదిహేడేళ్ల ఉద్యోగంలో ఎవరి ఇంట్లోనూ విప్పలేదట. ఇల్లంతా తిరిగి చూశాడు. గిన్నెల ముందు ఒక నిమిషం నిలబడిపోయాడు. కాలు చూపించమంటే మామగారు రెండు చేతులా పట్టి అందించారు. అధికారి అందులో తన ముఖం చూసుకుని, జుట్టు సవరించుకున్నాడు.

"మా ఇంట్లో వాళ్లకి ఒక్కసారి చూపించాలమ్మా ఈ ఇల్లు," అన్నాడు కోడలితో. ఆ మాటకు ఆమె ముఖంలో ఉన్న కాస్త దిగులూ పోయింది. ఆ ఆరు మార్కులూ దానితోపాటే పోయాయి.

వెళ్తూ వెళ్తూ ఫైలు కోసమని ఇంటికి ఒక ఫోటో తీసుకున్నాడు. మామగారు పక్కన నిటారుగా నిలబడి, ఫోటోలో పడకుండా జాగ్రత్తపడ్డారు.

పది రోజులకు ఉత్తరం వచ్చింది. మీ గృహానికి సున్నా మార్కులు వచ్చినందుకు నిధి హర్షం వ్యక్తం చేస్తున్నది. నిధి చరిత్రలో ఇది మొదటి సున్నా. ప్రస్తుతం వాడుకలో ఉన్న కాలు ఉత్తమ స్థితిలో ఉన్నందున కొత్త కాలు అవసరం లేదని నిర్ధారించడమైనది. మీ ఇంటిని ఈ సంవత్సరపు ఆదర్శ గృహంగా ఎంపిక చేయడమైనది. ఇంటి ఫోటోను నిధి ప్రచారానికి వాడుకునేందుకు మీకు అభ్యంతరం లేనట్లు భావించడమైనది.

మామగారు "మొదటి సున్నా" అన్న చోట రెండుసార్లు చదివించుకున్నారు. తరువాత కోడలి ముఖం చూసి, తన పెట్టె దగ్గరికి వెళ్లి, అందులో సర్దడానికేమీ లేకపోయినా చాలాసేపు సర్దారు.

కోడలు మళ్లీ మూడో కిటికీకి వెళ్లింది. గుమాస్తా ఉత్తరం చదివి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"ఏమ్మా, తనిఖీకి ఎవరైనా ఇల్లు కడుగుతారా? మా దగ్గరికొచ్చే వాళ్లంతా పక్కూరి నుంచి దుమ్ము తెప్పించుకుంటారు. పునఃతనిఖీకి రాసివ్వు, నేను పెడతాను. ఈసారైనా కాస్త మనుషుల్లా ఉండండి."

పునఃతనిఖీ తేదీ నాటికి డిపో మేనేజరు గడువులో ఇంక పన్నెండు రోజులే మిగులుతాయి.

ఇల్లు చెడగొట్టాలన్న మాట మామగారికి ఎలా చెప్పాలా అని భార్యాభర్తలు రెండు రోజులు తర్జనభర్జన పడ్డారు. చివరికి కొడుకే చెప్పాడు. ఆయన అంతా విన్నారు. తరువాత అడిగారు.

"అంటే, వచ్చేవాడు ఏది చూడాలో అదే చూపించి, ఉన్నది దాచాలి. అంతేగా?"

"అంతే నాన్నా."

"ఆకులు కప్పుకుని పొదలో పడుకోవడం లాంటిది."

"అలాంటిదే."

"అయితే ఆ పని నాకొచ్చు," అన్నారు మామగారు. ఒక కాగితం మీద ఇంటి పటం గీసి, ఎక్కడ ఏ చెత్త పడాలో గుర్తులు పెట్టారు.

పక్కింట్లో తాపీ మేస్త్రీ, ఆయన భార్య ఉంటారు. అవసరానికి ఆదుకునే మనుషులు. సొట్ట గిన్నెలు, చిరిగిన చాప, మూడు కాళ్ల కుర్చీ గోడ మీద నుంచి అందించారు. "మీకు మా ఇల్లే పనికొచ్చేది వదినా, ఏమీ ముట్టుకోకుండానే తొంభై వస్తాయి," అంది మేస్త్రీ భార్య. అటక మీది సాలెగూళ్లను కర్రకు చుట్టి తెచ్చి, ఇవి మాత్రం తిరిగి ఇవ్వక్కర్లేదని కూడా చెప్పింది. మేస్త్రీ వచ్చి, నెలన్నర కిందట కొట్టిన సున్నం మీద తడి మట్టితో చెమ్మ మరకలు వేసిపెట్టాడు. మంచి పనివాడు. మరకలు నిజమైన వాటికన్నా నిజంగా వచ్చాయి.

చిక్కంతా మామగారితో వచ్చింది. ఆయన సొట్ట గిన్నెలను సొట్ట పరిమాణం ప్రకారం పేర్చారు. సాలెగూళ్లను మూరకొకటి చొప్పున, ఒకే ఎత్తులో అంటించారు. దుప్పట్లు విసిరేయమంటే విసిరేశారు గానీ, మూడూ ఒకే కోణంలో పడ్డాయి. కోడలు వెనకాలే వెళ్లి ఒక గిన్నెను పక్కకు నెడుతుంది. ఆమె ఇటు తిరగ్గానే ఆయన దాన్ని వరసలోకి జరుపుతారు. ఆ రోజంతా ఆ ఇంట్లో ఒకరు చెడగొడుతూ, ఒకరు ఆ చెడగొట్టినదాన్ని సర్దుతూ గడిపారు. సాయంత్రానికి ఇద్దరూ అలిసిపోయారు కనుక ఇల్లు ఓ మాదిరిగా పాడైంది.

అప్పుడాయన ఇల్లంతా ఒకసారి కలయజూసి, కోడలితో నెమ్మదిగా అన్నారు. "అమ్మాయ్, మీ అత్తయ్య పోయిన రోజున కూడా ఈ ఇల్లు ఇలా లేదు."

ఆమె చేతిలో ఉన్న గిన్నెను బోర్లా పడేసింది. తరువాత కొవ్వొత్తి మైనాన్ని సూదితో గీకి గీకి, కాలి పగులును మళ్లీ పైకి తీసింది.

తెల్లారి ఆమె లేచి పెరట్లోకి వెళ్లేసరికి మామగారు పీట మీద కూర్చుని ఉన్నారు. చేతిలో బ్రష్షు, పక్కన బూట్లు. కుడిది అయిపోయింది, ఎడమదాని మీద ఉన్నారు. ఈవైపు చూడలేదు. చెప్పాలంటే ఆమె ఒక మాట చెప్పొచ్చు. ఆగి, చూసి, చప్పుడు కాకుండా లోపలికి వచ్చేసింది. అంత పెద్ద ఇంట్లో ఒక్క జత బూట్లు ఉంటే ఏమవుతుందిలే అనుకుంది. (అంత పెద్ద ఇల్లంటే రెండు గదులు.)

పదకొండు గంటలకు అదే అధికారి వచ్చాడు. గేటు దగ్గర రంగురాళ్లు లేవు, బురద ఉంది. ఈసారి చెప్పులు విప్పలేదు. లోపలికి వచ్చి చూసేసరికి ఆయన ముఖం వికసించింది. ఇంతటి దైన్యం ఈ మధ్యకాలంలో తాను చూడలేదనీ, మనసు నిండిందనీ చెప్పి, నిలబడే మార్కులు వేయడం మొదలుపెట్టాడు. సాలెగూళ్లకు పదికి పది. చెమ్మకు పన్నెండుకు పన్నెండు. కాలి పగులులో చిటికెనవేలు దూర్చి చూసి, తృప్తిగా తల ఊపాడు.

నిట్టూర్పుల దగ్గర కాస్త ఇబ్బంది వచ్చింది. కోడలు రెండు విడిచింది. మూడోది ఎంతకీ రాలేదు. అధికారి పెన్ను పట్టుకుని ఓపిగ్గా నిలబడ్డాడు. గోడ అవతలి నుంచి మేస్త్రీ భార్య ఒకటి విడిచింది గానీ, ఆవిడ కుటుంబ సభ్యురాలు కాదు. సరిగ్గా అప్పుడు మూలన మంచం మీద కూర్చున్న మామగారు నేల వైపు చూసి, నిజంగానే ఒక నిట్టూర్పు విడిచారు. అధికారి దానికి మూడు మార్కులూ, మిగతా రెండింటికి చెరొకటీ వేశాడు.

మొత్తం తొంభై ఒకటి. నిధి చరిత్రలో అత్యధికం. అధికారి ఆమె భర్త భుజం తట్టి, ఇంక కాలు వచ్చినట్టేనని చెప్పి వెళ్లాడు. ఆయన వెళ్లిన ఐదు నిమిషాల్లో మామగారు చీపురు పట్టుకున్నారు. ఎవరూ ఆపలేదు.

ఐదోరోజు కోడలు నిధి కార్యాలయానికి వెళ్లింది. గడువు ఇంకా వారం ఉంది. గుమాస్తా ఆమెను చూడగానే కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

ఒకే ఇంటికి రెండు తనిఖీలు జరిగినప్పుడు, రెంటికీ పొంతన లేనప్పుడు, ఒకటి తప్పయి ఉండాలి. కానీ రెండూ చేసింది ఒకే అధికారి. అధికారి తప్పు చేశాడని అనడానికి నిబంధనల్లో వీల్లేదు. కాబట్టి పద్నాలుగో నిబంధన ప్రకారం సగటు తీస్తారు. సున్నా, తొంభై ఒకటి. సగటున నలభై ఐదున్నర. కాలు రావాలంటే నలభై ఆరు ఉండాలి. (అరమార్కును పైకి సవరించవచ్చా అన్నది వేరే కమిటీ చూస్తుంది. ఆ కమిటీని ఇంకా వేయలేదు.)

ఆమె మనసులో లెక్క వేసుకుంది. రెండోసారి తొంభై రెండు వచ్చి ఉంటే సరిపోయేది.

"ఒక్క మార్కు ఎక్కడ తగ్గిందో కాస్త చూస్తారా?"

"తొమ్మిది తగ్గాయమ్మా."

"ఎనిమిది పోయినా నాకు పర్వాలేదు. ఆ ఒక్కటీ ఎక్కడో చూడండి."

గుమాస్తా ఫారం తిరగేశాడు. మిగతా ఎనిమిదీ ఇంటికి పైకప్పు ఉన్నందుకు పోయాయి. దానికి ఎవరూ చేయగలిగింది లేదు. చివరి వరసలో వేలు ఆగింది.

"ఇదిగో. పాదరక్షలు. ఒక జత, మెరుగు పెట్టినవి. మైనస్ ఒకటి." అతను తల ఎత్తాడు. "ఇది కావాలంటే సవాలు చేయొచ్చు. ఆ బూట్లు మీవి కావని రాసివ్వు. పక్కింటివాళ్లవి అను. ఇప్పుడే మార్చేస్తాను."

కిటికీ చువ్వల మధ్య నుంచి ఒక తెల్లకాగితం బయటికి వచ్చింది. దాని మీద ఒక పెన్ను. ఆమె పెన్ను తీసుకుంది. కాసేపు పట్టుకుంది. బ్యాగులు కుట్టే మనిషి కనుక, కాగితాన్ని కూడా గుడ్డను చూసినట్టు అంచు నుంచి అంచుకు చూసింది.

"అవి మావే అండీ," అని పెన్ను వెనక్కి ఇచ్చేసింది. "ఆ ఒక్కటీ పోతే పోనివ్వండి."

ఇంటికి వచ్చి ఆమె ఈ బూట్ల సంగతి చెప్పలేదు. అర తక్కువైంది అని మాత్రం చెప్పింది. మామగారు విన్నారు. లేచి పెట్టె తెరిచి, అడుగు నుంచి తన నడుంపట్టీ తీశారు. ఇరవై ఆరేళ్లు నడుముకు కట్టిన పట్టీ, వెడల్పాటి తోలు, ఇత్తడి బకిలు. ఉద్యోగం వదిలాక దాన్ని నెలకోసారి తుడిచి లోపల పెట్టడమే తప్ప కట్టింది లేదు.

"దీంతో అవుతుందేమో చూడు," అని మిషను మీద పెట్టారు.

"ఎక్కడ కొయ్యాలి మామయ్యా?"

"మధ్యలో కొయ్యి. ఏ వైపూ నొచ్చుకోదు."

ఆమె బ్యాగుల గుడ్డతో మోకాలికి తొడుగు కుట్టింది. లోపల దూది, చుట్టూ బ్యాగు పట్టీలు, పైన తోలు. గట్టిగుడ్డ మిగిలింది కుందేళ్ల బొమ్మలది ఒకటే, ఒకటో తరగతి పిల్లల కోసం తెచ్చింది. మేస్త్రీ వచ్చి చూసి పగులుకు సిమెంటు పెట్టమంటే పెడతానన్నాడు. వద్దన్నారు. మూడు రోజులు కట్టి, విప్పి, మళ్లీ కుట్టి, మళ్లీ కట్టారు. మొదటిరోజు పదకొండు అడుగులు. రెండోరోజు నలభై. మూడోరోజు భర్త వీధి చివరి దాకా వెళ్లి, తిరిగి రాలేక మేస్త్రీ సైకిలు మీద వచ్చాడు.

గడువు ఆఖరి రోజు డిపోకి ముగ్గురూ వెళ్లారు. మేనేజరు గేటు దగ్గర నిలబడి, కాలు ఒకసారి చూడాలన్నాడు. భర్త ప్యాంటు పైకి లాగాడు.

"కుందేళ్లేమిటయ్యా?" అన్నాడు మేనేజరు.

"స్పీడు కోసం సార్."

నడక మొదలైంది. కోడలు గేటు దగ్గరే నిలబడి లోలోపల లెక్కపెట్టింది. పక్కన మామగారు పెదాలు కదుపుతూ ఎడమ, కుడి, ఎడమ, కుడి అంటున్నారు. ఎడమ అన్నప్పుడల్లా గొంతు కాస్త తగ్గుతోంది. యాభై దాటింది. డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని చూస్తున్నారు. ఎనభై దాటింది. తొంభై ఒకటో అడుగు దగ్గర అతను ఆగాడు. పట్టీ ఒక రంధ్రం జారింది. మేనేజరు వాచీ చూసుకోలేదు, వేరే వైపు చూశాడు. అతను వంగి, బకిలు బిగించి, లేచి, మిగతా తొమ్మిదీ నడిచాడు. పదో అడుగు కూడా వేశాడు. అది లెక్కలో లేదు.

ఉద్యోగం వచ్చింది.

మొదటినెల జీతంతో పాటు ఒక చీటీ కూడా వచ్చింది. డిపో సిబ్బంది అందరి దగ్గరా ఒకరోజు జీతం, స్వచ్ఛంద విరాళంగా, సైనిక కుటుంబ ఆపన్నహస్త నిధికి జమ చేయడమైనది. (స్వచ్ఛందం కాకూడదనుకునేవారు ముందు నెల పదో తేదీలోగా మూడో కిటికీలో దరఖాస్తు చేసుకోవాలి.) దాతలకు కృతజ్ఞతగా నిధి ఒక రంగుల క్యాలెండరు కూడా పంపింది. భర్త దాన్ని చంకలో పెట్టుకుని, కుందేళ్ల కాలితో, నడిచే ఇంటికి వచ్చాడు.

కోడలు చుట్ట విప్పింది. మొదటి పేజీ నిండా ఒక ఇల్లు. తెల్లటి గోడలు, గేటు నుంచి గుమ్మం దాకా ఎరుపు తెలుపు రాళ్ల వరస. అచ్చువేసినవాళ్లు ఆకాశాన్ని మరికాస్త నీలం చేసి, గుమ్మానికి అటూ ఇటూ లేని పూలకుండీలు రెండు పెట్టారు. కింద పెద్ద అక్షరాల్లో, మీ విరాళంతో నిలబడిన ఒక సైనిక కుటుంబం, అని ఉంది.

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మామగారు చెయ్యి చాస్తే ఇచ్చారు. చత్వారం అద్దాలు ఇంకా బాగుచేయించలేదు. ఆయన క్యాలెండరును దూరంగా పట్టుకుని, దగ్గరగా పట్టుకుని, మళ్లీ దూరంగా పట్టుకుని చూశారు. రాళ్ల వరస మీద వేలు పెట్టి గేటు నుంచి గుమ్మం దాకా పోనిచ్చారు.

"ఎవరో గానీ పద్ధతైన మనుషులు," అన్నారు. "మన ఒక్కరోజు జీతం సరైన ఇంటికే వెళ్లింది."